మాలు ఇటుకను మించకూడదు

గోడ పని మొదలయ్యే రోజున ఇంటివాళ్ళు తప్పకుండా ఒక మాట అంటారు. "ఒక బస్తా ఎక్కువైనా పర్లేదండీ, సిమెంటు దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు." గోదావరి జిల్లాల్లో ఇళ్ళ పనులు చూసుకుంటూ బతుకుతున్న నాకు ఈ మాట వెనక ఉన్న భయం బాగా తెలుసు. ఒకటికి ఆరు, అంటే ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళ ఇసుక, అని చెప్పి ఒకటికి పది కలిపే కాంట్రాక్టర్లను జనం చూశారు. గోరుతో గీకితే ఇసుక రాలిపోయే గోడలనూ చూశారు. అందుకే సొంత డబ్బు పెట్టి బలం కొనుక్కుందామనుకుంటారు. ఆ కోరికలో తప్పులేదు. కానీ మామూలు ఇటుక గోడకు సిమెంటు ఎక్కువైన మాలు (ఇటుకల్ని అతికించే సిమెంటు, ఇసుక ముద్ద) వాళ్ళనుకునే బలం ఇవ్వదు. కొన్నిచోట్ల కీడు కూడా చేస్తుంది. సైటు మీద హడావుడిలో ఈ సంగతి పూర్తిగా చెప్పడం కుదరదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. ఇటుక గోడ ఎంత బరువు మోయవచ్చో తేల్చడానికి మన ఇంజనీర్లకు ఐఎస్ 1905 అనే ప్రమాణం ఉంది. 1987 నాటి ఆ పుస్తకంలో ఒక పట్టిక ఉంటుంది. ఒక పక్క ఇటుక బలం, ఇంకో పక్క మాలు రకం, రెండూ కలిసే గడిలో గోడ మీద అనుమతించే ఒత్తిడి. చదరపు మిల్లీమీటరుకు 3.5 న్యూటన్ల బలం ఉన్న ఇటుకను తీసుకోండి. ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళ ఇసుక, పావు పాలు సున్నం కలిపిన అన్నిటికన్నా గట్టి మాలుతో కడితే అనుమతించేది 0.35 న్యూటన్లు. ఒకటికి ఆరు మాలుతో కట్టినా అదే 0.35. మాలును దిమ్మెగా పోసి పరీక్షిస్తే మొదటి మాలు దిమ్మెకు కనీసం 10 న్యూటన్ల బలం ఉండాలి, రెండోదానికి 3 చాలు. మాలు బలం మూడు రెట్లు దాటినా గోడకు అందులోంచి ఒక్క పైసా వంతు కలిసిరాలేదన్నమాట. 5 న్యూటన్ల ఇటుకకైతే కొంచెం తేడా వస్తుంది: గట్టి మాలుతో 0.50, ఒకటికి ఆరుతో 0.44.

అదే పట్టికలో మాలును ఒకటికి ఆరు దగ్గరే ఉంచి ఇటుకను మార్చి చూడండి. 3.5 ఇటుక బదులు 7.5 ఇటుక వాడితే 0.35 కాస్తా 0.59 అవుతుంది. బలం ఎక్కడ కొనుక్కోవాలో ఇక్కడ తేలిపోతుంది. మన వైపు బట్టీల్లో కాల్చే నాటు ఇటుకల్ని ల్యాబుకు పంపిస్తే చాలావరకు పట్టికలో కింది మెట్ల దగ్గరే ఆగుతాయి. అలాంటి ఇటుకల మధ్య ఒకటికి మూడు మాలు పెట్టడమంటే, సిమెంటు కంపెనీకి డబ్బు కట్టి ఇటుక బట్టీ దగ్గర బేరమాడడమే. ఒక ఘనమీటరు మాలుకు ఒకటికి ఆరులో దాదాపు 250 కిలోల సిమెంటు పడుతుంది, ఒకటికి నాలుగులో 380 కిలోలు. అంటే సగానికి సగం ఎక్కువ. ఆ తేడా డబ్బుతో బాగా కాలిన, మోగే ఇటుక తెచ్చుకోవచ్చు. రెండు ఇటుకల్ని ఒకదానికొకటి తట్టించి చూసే అలవాటు మన తాతల కాలం నుంచీ ఉంది. ఇప్పుడు లారీ దిగుతున్నప్పుడు ఆ పని చేసేవాళ్ళు తగ్గిపోయారు, నాకు బాధగా ఉంటుంది.

ఇక బలం ఎక్కువైతే నష్టమేమిటి అన్న ప్రశ్న. గోడ కదలదని మనం అనుకుంటాం గానీ అది ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. ఎండకు వ్యాకోచిస్తుంది, రాత్రికి ముడుచుకుంటుంది. గుంటూరు, కృష్ణా జిల్లాల నల్లరేగడి నేలల్లో అయితే వానాకాలం నేల ఉబ్బి పునాదిని పైకి నెడుతుంది, వేసవిలో నెర్రెలిచ్చి కిందకు వదిలేస్తుంది. ఆ కదలిక ఎక్కడో ఒకచోట బయటపడాలి. మాలు ఇటుక కన్నా కొంచెం మెత్తగా ఉంటే కదలిక సందుల్లో చిన్నచిన్న వెంట్రుకవాసి పగుళ్ళుగా పంచుకుపోతుంది. మెట్లుమెట్లుగా, ఇటుక చుట్టూ తిరుగుతూ పోతుంది. వాటిని గీకి, సందుల్లో మళ్ళీ మాలు నింపి పాయింటింగ్ చేసుకుంటే సరిపోతుంది. మాలే ఇటుక కన్నా గట్టిదైతే గోడంతా ఒక్క పలకలా బిగుసుకుపోతుంది. అప్పుడు వచ్చేది ఒకటే పెద్ద పగులు, ఇటుకల్ని రెండుగా చీల్చుకుంటూ నిలువునా వస్తుంది. విరిగిన ఇటుకల్ని గోడలోంచి తీసి మార్చడం ఎంత కష్టమో ఆ పని చేయించుకున్నవాళ్ళకే తెలుసు.

ఇంకోటి, సిమెంటు ఎక్కువైన మాలు ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుపోతుంది. అలా కుంచించుకుపోయినప్పుడు ఇటుకకూ మాలుకూ మధ్య కంటికి కనపడనంత సన్నని ఖాళీ పడుతుంది. పడమటి గోడకు వాన జల్లు కొట్టినప్పుడు నీళ్ళు లోపలికొచ్చేది చాలాసార్లు ఆ ఖాళీలోంచే. మాలులో సిమెంటు తక్కువై కాదు. ఇంటివాళ్ళేమో చెమ్మ చూసి, "ఇంకొంచెం సిమెంటు వేసుంటే బాగుండేది" అనుకుంటారు.

అలాగని మాలు ఎంత బలహీనంగా ఉంటే అంత మంచిదని నేను చెప్పడం లేదు. 1993 సెప్టెంబరు 30న లాతూరు భూకంపంలో కూలి జనాన్ని పొట్టన పెట్టుకున్నవి ఎక్కువగా మట్టితో పేర్చిన లావాటి రాతి గోడలు. రాయి గట్టిదే, రాయినీ రాయినీ పట్టి ఉంచేదే లేదు. అందుకే భూకంపాల భయం ఎక్కువగా ఉన్నచోట మన ప్రమాణాలు ఒకటికి నాలుగు మాలు గానీ, సిమెంటు ఒకటి, సున్నం ఒకటి, ఇసుక ఆరు కలిపిన మాలు గానీ వాడమంటాయి. ఆ రెండోదాని సంగతి తర్వాత చెబుతాను. నాలుగున్నర అంగుళాల అడ్డగోడకు కూడా ఒకటికి నాలుగు కావాలి, మధ్యలో కొన్ని వరుసలకోసారి సన్న ఇనుప చువ్వ కూడా వేయాలి. పలచటి గోడ కాబట్టి పక్కనుంచి తోస్తే ఆగాలి. నేలలోపల ఎప్పుడూ తడిలో ఉండే కట్టుబడికి, రెండు పక్కలా వాన దెబ్బ తినే పిట్టగోడకు, సెప్టిక్ ట్యాంకుకు కూడా అదే. తొమ్మిది అంగుళాల మామూలు గోడకు, పిల్లర్ల మధ్య నింపే గోడకు మాత్రం ఒకటికి ఆరు చాలు. ఒకే ఇంట్లో రెండు మూడు రకాల మాలు ఉండడం తప్పేమీ కాదు, అలాగే ఉండాలి. మేస్త్రికి పొద్దున్నే ఏ గోడకు ఏ పాళ్ళో ఒక్క మాట చెబితే సరిపోతుంది.

సరే, ఒకటికి ఆరు అనుకున్నాం. అది నిజంగా ఒకటికి ఆరేనా? నాకు టెన్షన్ పెట్టేది ఈ ప్రశ్నే. సిమెంటు బస్తా 50 కిలోలు, అది దాదాపు 35 లీటర్ల చోటు పడుతుంది. ఇసుకను గమేళాలతో కొలుస్తారు. పొద్దున నిండుగా పోసిన గమేళా, మధ్యాహ్నం అలసిపోయాక పోసిన గమేళా ఒకటి కావు. అందుకే లోపలి కొలత 40, 35, 25 సెంటీమీటర్లు ఉండేలా ఒక చెక్కపెట్టె చేయించండి. అది సరిగ్గా 35 లీటర్లు. బస్తాకు ఆరు పెట్టెలు. వడ్రంగికి ఒక పూట పని, కట్టడమంతా పనికొస్తుంది. ఇసుక తడిగా ఉంటే ఉబ్బుతుందని కూడా గుర్తుంచుకోవాలి. సన్న ఇసుక కాస్త చెమ్మతో ఉన్నప్పుడు పొడి ఇసుక కన్నా పాతిక శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. వానాకాలంలో అదే పెట్టెతో కొలిస్తే నిజంగా పడే ఇసుక తక్కువ. అప్పుడు పెట్టె మీద ఇంకొంచెం పోయించాలి. వేసవిలో, వానల్లో ఒకే లెక్క నడిపించే మేస్త్రిని నేను నమ్మను.

ఇసుకలో మట్టి ఎంతుందో చూసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. ఒక గాజు సీసాలో సగం దాకా ఇసుక పోసి, కొంచెం ఉప్పు కలిపిన నీళ్ళు నింపి, బాగా గిలకొట్టి కదలకుండా పెట్టండి. కొన్ని గంటల తర్వాత ఇసుక కింద, ఒండ్రు పైన వేరువేరుగా తేలతాయి. ఒండ్రు పొర మందం ఇసుక మందంలో ఎనిమిది శాతం దాటితే ఆ లారీ వెనక్కి పంపండి, లేదా కడిగించుకోండి. మట్టి ఇసుక రేణువుల చుట్టూ పొరలా పట్టేసి సిమెంటును అంటుకోనివ్వదు. ఆ లోపాన్ని ఇంకో బస్తా సిమెంటు పూడ్చలేదు. తీరం వెంబడి ఊళ్ళల్లో సముద్రం పక్కన తవ్విన ఇసుక చవగ్గా దొరుకుతుంది. దానిలోని ఉప్పు గోడను లోపల్నుంచి తినేస్తుంది, దాన్ని ముట్టుకోవద్దు. హైదరాబాదు వైపు ఇప్పుడు అంతా రాళ్ళను పిండి చేసి తీసే రోబో సాండే. కడిగి, జల్లించి ఇచ్చే రోబో సాండ్ మంచిదే. క్రషర్ దగ్గర మిగిలిన దుమ్మును అదే పేరుతో అమ్మేవాళ్ళు ఉన్నారు. చేతిలోకి తీసుకుని వదిలితే అరచేతికి పిండిలా అంటుకుందంటే అది దుమ్మే.

ఇటుకలు నానబెట్టడం గురించి ఎంత చెప్పినా తక్కువే. మే నెలలో రెంటచింతల ఎండలో ఉన్న ఇటుకను అలాగే తీసుకొచ్చి మాలు మీద పెడితే, అది మాలులోని నీళ్ళన్నీ నిమిషాల్లో పీల్చేస్తుంది. సిమెంటు గట్టిపడాలంటే నీళ్ళు కావాలి, ఇటుక వాటిని లాగేసుకుంటే మాలు ఎండిపోతుంది తప్ప గట్టిపడదు. ఎండడం వేరు, గట్టిపడడం వేరు. ఈ తేడా తెలిసిన మేస్త్రి దొరికితే మీరు అదృష్టవంతులు. పైపు పట్టుకుని ఇటుకల గుట్ట మీద నీళ్ళు చల్లితే పై రెండు వరుసలే తడుస్తాయి. తొట్టిలో గంటైనా నానాలి. ఆ తర్వాత బయట పెట్టి, పైన నీటి మెరుపు పోయాక వాడాలి. ఫ్లై యాష్ ఇటుకలకు ఇంత నానబెట్టడం పనికిరాదు, పైన తడిపితే చాలు.

నీళ్ళు పోసి కలిపిన మాలు గంటలోపు అయిపోవాలి. భోజనానికి వెళ్ళి వచ్చాక బిగుసుకుపోయిన మాలులో మళ్ళీ నీళ్ళు పోసి తిరగగలిపితే చూడ్డానికి మెత్తగానే ఉంటుంది, బంధం మాత్రం అప్పటికే తెగిపోయి ఉంటుంది. కట్టాక కనీసం ఏడు రోజులు తడి ఆరనివ్వకూడదు. గోడ పనికి 53 గ్రేడు సిమెంటే కావాలని పట్టుబట్టేవాళ్ళు ఉన్నారు. అక్కర్లేదు, ఫ్లై యాష్ కలిపి తయారుచేసే పీపీసీ సిమెంటు చాలు, కాకపోతే దాన్ని ఇంకో మూడు నాలుగు రోజులు ఎక్కువ తడపండి.

ఇప్పుడు సున్నం దగ్గరికి వస్తాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ గోదావరికి అడ్డంగా ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేశాడు. మన దేశంలో సిమెంటు తయారుచేసే తొలి ప్రయత్నాల్లో ఒకటి మద్రాసులో జరిగింది 1904లో. ఆ ఆనకట్ట రాళ్ళను పట్టి ఉంచింది సున్నమే. దాని స్థానంలో కొత్త బ్యారేజీ వచ్చేదాకా వంద సంవత్సరాలకు పైగా గోదావరి వరదల్ని అది తట్టుకుంది. మన ఊళ్ళల్లో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి గానుగలో తొక్కించిన సున్నంతో లేచిన మేడలు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి పదార్థాన్ని రెండు తరాల్లోనే మనం గోడకు పూసే రంగుగా మార్చేశాం.

గానుగలు మళ్ళీ తిప్పమని నేను అనడం లేదు. సిమెంటు మాలులోనే సున్నం కలపమంటున్నాను. ఒకటి సిమెంటు, ఒకటి సున్నం, ఆరు ఇసుక. ఐఎస్ 1905లో ఈ మాలు దిమ్మె బలం 3 న్యూటన్లు, సున్నం లేని ఒకటికి ఆరుదీ అంతే. సిమెంటు కూడా రెంటిలో సమానమే. అయినా పుస్తకం సున్నం కలిపినదాన్ని ఒక మెట్టు పైన పెట్టింది. 7.5 న్యూటన్ల ఇటుకకు ఒకటికి ఆరుతో 0.59 అనుమతిస్తే, సున్నం కలిపినదానితో 0.74 అనుమతిస్తుంది. దిమ్మె బలం పెరగకుండా గోడ బలం ఎలా పెరిగింది? సున్నపు రేణువులు చాలా సన్నవి, నీటిని పట్టి ఉంచుతాయి. ఇటుక ఎంత లాగినా మాలులో నీళ్ళు మిగులుతాయి, సిమెంటుకు గట్టిపడే సమయం దొరుకుతుంది. తాపీ కింద వెన్నలా పరుచుకుంటుంది కాబట్టి ఇటుక అడుగున ఖాళీలు మిగలవు. ఇటుకకూ మాలుకూ పట్టు కుదురుతుంది. గోడ బలంలో ఈ పట్టుదే పెద్ద వాటా. ఆరాక కూడా కొంత సాగే గుణం ఉంటుంది కాబట్టి పెద్ద పగుళ్ళు తక్కువ.

మేస్త్రులు దీనికి ఒప్పుకోరు. వాళ్ళ కారణాలు కొట్టిపారేసేవి కావు. సున్నం చేతులు కొరుకుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. రాళ్ళ సున్నం తడిపేటప్పుడు సలసలా ఉడుకుతుంది. కట్టు కూడా నెమ్మదిగా లేస్తుంది, కొలత మీద కూలి తీసుకునే మనిషికి అది నష్టం. కాబట్టి చేతులకు గ్లవుజులు, కళ్ళకు అద్దాలు ఇంటివాళ్ళే కొనివ్వాలి, రోజుకు లేచే గోడ తక్కువైనా కూలి తగ్గించకూడదు. పిడుగురాళ్ళ వైపు బట్టీల నుంచి సున్నం ఈ రోజుకీ వస్తోంది. పొడి చేసి సంచుల్లో అమ్మే తడిపిన సున్నం తెచ్చుకుంటే ఉడికించే పని తప్పుతుంది. దాన్నీ ముందు రోజే నీళ్ళలో నానబెట్టి ముద్ద చేసుకుంటే మంచిది.

కొత్త ఇంట్లో సున్నం కలపకపోతే కొంచెం నష్టం, అంతే. పాత ఇంటి మరమ్మతులో సిమెంటు వాడితే మాత్రం ఇల్లే పోతుంది. కోనసీమలో మా బంధువుల మండువా లోగిలికి అదే జరిగింది. సున్నంతో కట్టిన ఇటుక గోడలు, కింద నుంచి మోకాలెత్తు దాకా చెమ్మ. ఎవరో సలహా ఇస్తే నడుమెత్తు దాకా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. రెండు వానాకాలాలు బాగానే ఉంది. తర్వాత చెమ్మ ప్లాస్టరింగ్ దాటి పైన కనపడింది, లోపల తడితే డొల్ల మోత. ఒక ముక్క ఊడగొట్టి చూస్తే వెనక ఇటుక పొడిపొడిగా చేతిలోకి రాలింది. భూమిలోంచి ఎక్కిన నీరు ఇదివరకు సున్నపు పూతలోంచి, సందుల్లోంచి ఆవిరై పోయేది. వచ్చిన ఉప్పు ఆ పూతనే తినేది, నాలుగైదు సంవత్సరాలకోసారి మళ్ళీ పూసుకునేవాళ్ళు. సిమెంటు ఆ దారి మూసేసింది. నీరు ఇంకా పైకి ఎక్కింది, ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి దాన్ని చిట్లగొట్టింది. గోల్కొండ పక్కన కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు చేయించిన పనిలో ముఖ్యమైన భాగం, ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటును ఊడదీసి మళ్ళీ సున్నం పూయడమే. రాజుల సమాధులకు వర్తించే ఈ సంగతి తాతలనాటి ఇంటికీ వర్తిస్తుంది. మీ ఇల్లు సున్నపు కట్టుదైతే సందులు నింపేది సున్నం, పూసేది సున్నం. పైన ప్లాస్టిక్ పెయింటు కూడా వద్దు.

లోపలంతా గాలి బుడగలతో తేలిగ్గా ఉండే ఏఏసీ బ్లాకుల గురించి అడిగేవాళ్ళకు ఒక్క మాట. ఆ బ్లాకు బలమే 3, 4 న్యూటన్ల దగ్గర ఉంటుంది, నీళ్ళు విపరీతంగా పీలుస్తుంది. దానికి సంచుల్లో వచ్చే జాయింటింగ్ మోర్టార్ రెండు మూడు మిల్లీమీటర్ల పొరగా వాడండి. బ్లాకుల మధ్య అంగుళం మందాన ఒకటికి నాలుగు మాలు కుక్కిన గోడలకు పగుళ్ళు రాకుండా ఉండడం నేనెక్కడా చూడలేదు.

ఇవన్నీ చెప్పాక కూడా మేస్త్రీ, ఇంటాయనా ఎవరి మాట మీద వాళ్ళుంటే నేనొక పని చేయిస్తాను. పని మొదలవ్వకముందే అదే ఇటుక, అదే ఇసుక, అదే నీళ్ళతో రెండేసి ఇటుకల్ని అడ్డంగా ఒకదాని మీద ఒకటి అతికిస్తాం. కొన్ని ఒకటికి నాలుగుతో, కొన్ని ఒకటికి ఆరుతో, కొన్ని సున్నం కలిపి. ప్రతిదానిలోనూ నానబెట్టిన జత ఒకటి, పొడి జత ఒకటి. వారం తడిపి అందరి ముందూ విడదీస్తాం. మాలు రెండు ఇటుకలకూ కొంత కొంత అంటుకుని మధ్యలో తెగితే ఆ మాలు పనికొస్తుంది. ఇటుక ముఖం శుభ్రంగా ఊడొస్తే పట్టులేదని. పొడి ఇటుక మీద ఒకటికి నాలుగు శుభ్రంగా ఊడిరావడం, నానిన ఇటుక మీద సున్నపు మాలు ఇటుక పెచ్చును కూడా లాక్కొని రావడం ఇంటాయన కళ్ళారా చూస్తే, ఆ తర్వాత బస్తాల గురించి కాక తొట్టి ఎక్కడ కట్టాలో అడుగుతారు.